ఒరిజినల్ అనే మడి

ఇంగ్లండులో పాత స్పోర్ట్స్ కార్ల భక్తులకి ఒక మడి వుంది. అచ్చం మన బామ్మల మడి లాంటిదే. కాకపోతే వాళ్ళు దానికి "ఒరిజినల్" అని పేరు పెట్టుకున్నారు. యాభై అరవై ఏళ్ళ కిందట కార్ఖానా గేటు దాటి వచ్చిన రోజున కారు ఎలా వుందో ఈనాటికీ అలాగే వుండాలిట. బోల్టు మారకూడదు. నీళ్ళ గొట్టాన్ని బిగించే క్లిప్పు మారకూడదు. సీటు కుట్టులో దారం రంగు మారకూడదు. మారిందా, మైలపడిపోయిందన్నమాటే! ఈ మడి తనిఖీ చెయ్యటానికి పోటీలు కూడా పెడతారు. పచ్చిక మైదానంలో కార్లని వరసగా నిలబెడితే, న్యాయనిర్ణేతలు కాగితమూ పెన్సిలూ పట్టుకుని, బానెట్ కింద తలలు దూర్చి, మార్కులు కోసుకుంటూ పోతారు. పూర్వం పెళ్ళిచూపుల్లో పిల్లని నడిపించి, పాడించి, జడ సొంతమా సవరమా అని లాగి చూసిన పెద్దమ్మలు గుర్తొస్తారు నాకు. ఆ పెద్దమ్మలైనా పిల్ల నడుస్తుందో లేదో చూసేవారు. ఇక్కడ చాలాచోట్ల కారు ఎలా నడుస్తుందన్న సంగతి కంటే ఎలా కనబడుతోందన్నదే లెక్క.

ఈ మడి మీదే నా పోట్లాట. వాడుకునే వస్తువుని పని తెలిసిన మనిషి మార్చుకుంటే అది అపచారం కాదనీ, అసలు అలా మార్చుకోబట్టే దానికి ఆయుష్షనీ నా వాదన. పాత కారుకి తన చేత్తో కొత్త భాగం చేసి బిగించేవాడే దానికి వారసుడు. గుడ్డ కప్పి షెడ్డులో దాచేవాడు ఉత్త కాపలావాడు.

"కందిపప్పు ధర గురించి రాయక, మనకెందుకమ్మా దొరల కార్ల గోల?" అంటారేమో. మావారూ అదే అన్నారు. "బి.ఏ. తెలుగు చదివినదానివి, నీకూ కార్బురేటరుకీ ఏమిటి సంబంధం?" అన్నారు. సంబంధమే కాదు, చుట్టరికం కూడా వుంది. మనం చిన్నప్పుడు పెళ్ళిళ్ళకీ, పుష్కరాలకీ, ఆస్పత్రికీ ఎక్కిన అంబాసిడర్ కారు లేదూ? 2014లో తయారీ ఆగిపోయింది పాపం. చాలా ఏళ్ళపాటు ఆ కారులో వున్నది 1489 సి.సి. పెట్రోలు ఇంజను. అది మన దేశంలో పుట్టింది కాదు, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బి-సిరీస్ అనే ఇంజను. 1955లో ఇంగ్లండులో ఎం.జి.ఏ. అనే చూడచక్కని స్పోర్ట్స్ కారు వచ్చింది. దాని పొట్టలో వున్నదీ అదే 1489 సి.సి. బి-సిరీస్. తరవాత దాన్నే 1798 సి.సి.కి పెంచి 1962లో ఎం.జి.బి.లో పెట్టారు. అంటే ఎం.జి.బి., అంబాసిడరు దాయాదులన్నమాట. ఒకడు ఇద్దరిని మాత్రం కూర్చోపెట్టుకుని, టాపు మడిచి, షికార్లు కొట్టాడు. ఇంకొకడు తొమ్మిదిమందినీ, మూడు పెట్టెలనీ, పచ్చళ్ళ జాడీనీ మోసుకుంటూ తిరపతి కొండెక్కాడు.

అంబాసిడర్ని మనవాళ్ళు ఏనాడైనా ఒరిజినల్‌గా వుండనిచ్చారా? రేడియేటరు కారితే పసుపు వేసి కారు నడిపించిన జాతి మనది!

సరే, అసలు ఈ మార్చటం అంటే ఏమిటో చెప్పకుండా పోట్లాడటం న్యాయం కాదు. కాస్త ఓపిక పట్టండి, పచ్చడి నూరినంతసేపు పట్టదు.

ఎం.జి.బి. ఇంజను ఒక ఇనప దిమ్మ. దాని మీద మూతలా బిగించే మరో దిమ్మని సిలిండర్ హెడ్ అంటారు. గాలీ పెట్రోలూ కలిసి లోపలికి పోవటం, కాలిన పొగ బయటికి రావటం అంతా ఆ హెడ్డులో వున్న దారుల గుండానే. సిలిండర్లు నాలుగు వున్నాయి గాని, లోపలికి పోయే దారులు రెండే. వాటాల ఇంట్లో ఇద్దరు కోడళ్ళకి పెరట్లోకి ఒకటే గుమ్మం వున్నట్టు రెండేసి సిలిండర్లకి ఒక్కొక్క దారి. ఒకావిడ బిందెతో వస్తూంటే రెండో ఆవిడ ఆగాలి. పైగా పోతపోసిన ఇనుము గనక దారి గోడలు గరుకు, మలుపులు మొరటు. కార్ఖానాలో రోజుకి ఎన్నో హెడ్లు పోస్తారు, ఒక్కొక్కదాన్నీ నునుపు చేస్తూ కూర్చోవటానికి వాళ్ళకి తీరికేదీ? ఆ తీరిక చేసుకునేవాడే ట్యూనరు. చిన్న గ్రైండరు పట్టుకుని ఆ మలుపులు సర్దుతాడు. వాల్వు కూర్చునే గొంతు దగ్గర చెక్కుతాడు. కొంచెం పెద్ద వాల్వు వేస్తాడు.

కొత్తగా మొదలెట్టినవాళ్ళు దారి ఎంత వెడల్పు చేస్తే అంత బలం అనుకుంటారు. కాదు సుమండీ! మొక్కలకి నీళ్ళు పెట్టేటప్పుడు గొట్టం మూతి వేలితో నొక్కితేనే కదా ధార దూరం పోతుంది? దారి అతిగా వెడల్పైతే గాలి వేగం తగ్గుతుంది, ఇంజను తక్కువ వేగంలో నీరసపడుతుంది. ఎక్కడ చెక్కాలో కన్నా ఎక్కడ చెక్కకూడదో తెలియటమే విద్య. క్యామ్‌షాఫ్ట్ సంగతీ అంతే. వాల్వులు ఎప్పుడు తెరుచుకుని ఎంతసేపు తెరిచి వుండాలో చెప్పేది అదే. మరీ పందెపు క్యామ్ వేస్తే రేసు మైదానంలో సింహం, సిగ్నలు దగ్గర మలేరియా రోగి. కారు నిలబడి వణుకుతుంది. ఇంక ఎస్.యు. కార్బురేటరులో ఒక సూది వుంటుంది, కొసకి పోయేకొద్దీ సన్నబడుతూ. ఆ సన్నం ఎలా తగ్గుతూ వచ్చిందన్న దాన్నిబట్టే ఏ వేగంలో ఎంత పెట్రోలు పోవాలో తేలుతుంది. ఆ సూదుల్లో ఎన్ని రకాలో! హెడ్డు మారిస్తే సూది మార్చాలి. రవికె కుట్టేటప్పుడు భుజం కోత మారిస్తే చెయ్యి కోత మారినట్టు, ఒకటి కదిపితే అన్నీ కదులుతాయి.

ఇవన్నీ చేసేవాడు మూర్ఖుడా, వస్తువంటే గౌరవం లేనివాడా? మీరే చెప్పండి.

ఇప్పుడు మడివాళ్ళని ఒక మాట అడుగుతాను. ఒరిజినల్ అంటున్నారే, ఏది నాయనా ఒరిజినల్? ఎం.జి.బి. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్ కార్ఖానాలో తయారైంది. అప్పుడైనా స్థిరంగా వుందా? మొదటి రెండేళ్ళూ క్రాంక్‌షాఫ్టుకి మూడు బేరింగులే, 1964 చివర్లో అయిదు చేశారు. 1974లో అమెరికా నిబంధనల కోసం ముందూ వెనకా నల్ల రబ్బరు బంపర్లు తగిలించారు. దీపాల ఎత్తు కలవటానికి మొత్తం కారునే అంగుళానికి తక్కువ కాకుండా పైకి లేపారు. చీర పొట్టిదైతే మనిషిని పొడుగు చేసినట్టు! దాంతో మలుపులో కారు పక్కకి ఒరగటం మొదలుపెట్టింది. ఒరగకుండా ఆపే ముందు కడ్డీని కూడా ఓపెన్ కార్లలో ఖర్చు కలిసొస్తుందని పీకేశారు, జనం తిట్టాక రెండేళ్ళకి మళ్ళీ పెట్టారు. అమెరికాకి పంపే కార్లలో రెండు కార్బురేటర్లు తీసి ఒకటే పెట్టారు. పొగ నిబంధనల కోసం చేసిన ఆ మార్పులతో, 95 గుర్రాల బలం వుండే ఇంజను డెబ్బైకి దిగువకి పడిపోయింది.

ఇప్పుడు ఒకడు 1976 నాటి కారు కొని, స్ప్రింగులు మార్చి అంగుళం కిందికి దింపి, రెండు కార్బురేటర్లు బిగిస్తే వాడు చెడగొట్టినవాడు! ఎవరో ఆఫీసులో కూర్చుని లెక్కలు చూసుకుని పైకి లేపినవాళ్ళు పూజ్యులు! ఎవరికైనా నోట మాట వస్తుందా?

ఇంకో సంగతి. బ్రిటన్‌లో సీసం కలిపిన పెట్రోలు మామూలు బంకుల్లో 1999తో ఆఖరు. మన దేశంలోనూ 2000లో ఆపేశారు. పాత ఇనప హెడ్లలో వాల్వు కూర్చునే పీటని కాపాడింది ఆ సీసమే. అది లేని పెట్రోలుతో గట్టిగా తోలితే పీట అరిగిపోతుంది. అందుకని హెడ్డు విప్పి గట్టి లోహపు పీటలు దిగ్గొట్టాలి. 2021లో పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అక్కడ మామూలు పెట్రోలయింది. పాత రబ్బరు గొట్టాలకి అది పడదు, పగులుతాయి, కారతాయి. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో గ్యాసు పొయ్యి ముందు నిలబడే మనకి వేరే చెప్పాలా? కాబట్టి గొట్టాలూ మార్చాలి. అంటే అసలైన మడి కారు ఈనాటి తిండి తిని బతకనే లేదు. బతికున్న ప్రతి ఎం.జి.బి.లోనూ ఎవడో ఒకడు చెయ్యి పెట్టాడన్నమాటే. కనపడనిచోట పెట్టిన చెయ్యికి మార్కులు తగ్గవు, కనపడితే తగ్గుతాయి. మన మడి బట్టల రహస్యాలు తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా వుండదు.

భద్రత సంగతి ఇంకా విడ్డూరం. ఆస్టిన్-హీలీ స్ప్రైట్ అని 1958లో ఒక బుల్లి కారు వచ్చింది. కప్పలా పైకి చూసే రెండు కళ్ళతో ముద్దుగా వుంటుంది. బయట తలుపుకి పిడి లేదు. వెనక డిక్కీకి మూత లేదు, సామాను సీట్ల వెనకనుంచి దూర్చాలి. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు 1962లో గాని రాలేదు. ఈనాటి రోడ్డు మీద, ఈనాటి లారీల మధ్య, ఆ 1958 కారుకి డిస్కు బ్రేకులు పెట్టుకుంటే తప్పేమిటి? బెల్టు బిగించుకుంటే తప్పేమిటి? ఆ కారులో కూర్చోబోయేది తన కూతురైతే ఈ మడివాడు ఏం చేస్తాడో చూడాలని వుంది నాకు.

చట్టం కూడా మడివాళ్ళ పక్షమే. బ్రిటన్‌లో 2018 మే నుంచి, నలభై ఏళ్ళు దాటిన కారుకి ఏటేటా చేయించాల్సిన పరీక్ష అక్కర్లేదు, పెద్ద మార్పులేవీ చెయ్యకుండా వుంటే. ఇంజనూ, యాక్సిళ్ళూ లాంటివి మరీ మార్చేసినవాళ్ళు పరీక్షకి వెళ్ళాల్సిందే. వాళ్ళు వెళ్ళాలి, నేను కాదనను. మరి ఆ అరవై ఏళ్ళ పాత బ్రేకు గొట్టం అలాగే వున్న పుణ్యాత్ముడు ఎందుకు వెళ్ళక్కర్లేదు? తలస్నానం చేసిందని జ్వరం చూడకుండా వదిలేస్తామా?

కార్ఖానావాళ్ళే సర్వజ్ఞులన్న మాటకి నా దగ్గర ఒక కథ వుంది. కల్పన కాదు. 1970 ప్రాంతంలో కెన్ కాస్టెల్లో అనే రేసు డ్రైవరు ఎం.జి.బి.లోంచి ఆ బరువైన నాలుగు సిలిండర్ల ఇనప ఇంజను తీసి, మూడున్నర లీటర్ల అల్యూమినియం వి-8 ఇంజను పెట్టాడు. అది పుట్టింది అమెరికాలో బ్యూక్ కంపెనీ వాళ్ళింట్లో, 1961లో. దాని హక్కులు కొనుక్కుని రోవర్ వాళ్ళు ఇంగ్లండుకి తెచ్చుకున్నారు. ఎనిమిది సిలిండర్లున్నా అల్యూమినియం గనక బరువులో పెద్ద తేడా లేదు. కార్ఖానా పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. తరవాత? 1973లో బ్రిటిష్ లేలాండ్ వాళ్ళే ఎం.జి.బి. జి.టి. వి-8 అని తమ పేరు మీద అలాంటి కారే విడుదల చేశారు. 1976 దాకా 2,591 కార్లు చేశారు. ఇప్పుడవి ఒరిజినల్! మడి గది లోపలి పీట మీద కూర్చున్నాయి. షెడ్డులో ఒక మనిషి చేస్తే మైల, అదే పని కార్ఖానా చేస్తే మడి. వంటింట్లో కోడలు కనిపెట్టిన కూరకి అత్తగారు నలుగురిలో పేరు కొట్టెయ్యటం మీరెవరూ ఎరగరు కాబోలు!

"ఇవన్నీ మొగవాళ్ళ పిచ్చిలే" అని మీరు విసుక్కోకముందే కొందరు ఆడవాళ్ళని పరిచయం చెయ్యాలి.

బీట్రిస్ షిల్లింగ్ అని ఒకావిడ, 1909లో పుట్టింది. మాంచెస్టర్‌లో ఇంజనీరింగు చదివింది. 1934లో బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాకు మీద నార్టన్ మోటారు సైకిలు గంటకి 106 మైళ్ళ వేగంతో తోలి బంగారు నక్షత్రం బిళ్ళ గెలుచుకుంది. యుద్ధకాలంలో ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన సంస్థలో పనిచేసేది. అప్పట్లో బ్రిటిష్ స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలు హఠాత్తుగా ముక్కు కిందికి పెడితే ఇంజను తడబడేది, కార్బురేటరులో పెట్రోలు ఎగిరి తారుమారై. జర్మన్ విమానాలకి ఆ బాధ లేదు, వాటికి కార్బురేటరే లేదు గనక. ప్రాణాలు పోతున్నాయి. ఈవిడ ఏం చేసింది? పెట్రోలు వచ్చే దారిలో మధ్యన చిల్లున్న ఒక చిన్న ఇత్తడి ముక్క పెట్టింది. ఇంజనుకి కావలసినంతే పోతుంది, ముంచెత్తదు. అంతే! ఇంజను మొత్తం మార్చక్కర్లేదు, విమానాన్ని కార్ఖానాకి పంపక్కర్లేదు. 1941 మొదట్లో తన జట్టుని వెంటేసుకుని విమానాశ్రయం తరవాత విమానాశ్రయం తిరిగి బిగించి వచ్చింది. ఆ రోజున ఎవరైనా పెద్దమనిషి "అమ్మా, ఇది ఒరిజినల్ కాదు" అని వుంటే ఎలా వుండేదో! యుద్ధం అయ్యాక ఆవిడా, భర్తా కలిసి కార్ల పందేలకి మళ్ళారు. వాళ్ళు తోలిన వాటిలో ఒకటి పందేల కోసం మార్చిన స్ప్రైటే.

విల్ట్‌షైర్ జిల్లాలో డౌన్‌టన్ అనే వూళ్ళో డేనియల్ రిచ్‌మండ్, భార్య బంటీ కలిసి ఒక వర్క్‌షాపు నడిపారు. మినీ కార్ల హెడ్లు అరగదీసి వాటికి రెక్కలు తెప్పించిన చోటు అది. చివరికి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళే సలహాకి ఆయన దగ్గరికి వచ్చారు. అక్కడ పని నేర్చుకుని బయటికి వచ్చి సొంత వర్క్‌షాపులు పెట్టుకున్నవాళ్ళూ వున్నారు. పుస్తకాల్లో ఆయన పేరు ఒక పేజీ వుంటే ఆవిడ పేరు ఒక వాక్యం. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

ప్యాట్ మాస్, ఆన్ విజ్‌డమ్ అని ఇద్దరమ్మాయిలు 1960లో లియేజ్-రోమ్-లియేజ్ ర్యాలీ గెలిచారు. ఆడవాళ్ళ విభాగంలో కాదు, మొత్తం పోటీలో మొదటి స్థానం. వాళ్ళు తోలిన ఆస్టిన్-హీలీ 3000 షోరూములో కొన్నది అనుకుంటున్నారా? ఆబింగ్డన్‌లోనే పోటీల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం వుండేది. అక్కడ విప్పి, మార్చి, తయారుచేసిన కారు. అంటే ఒరిజినల్ కార్ఖానావాళ్ళే, గెలవాలనుకున్నప్పుడు, ఒరిజినల్‌ని నమ్మలేదు!

ఇక నా కోపానికి అసలు కారణం చెబుతాను. మా చెల్లెలి పురిటికి సాయంగా వెళ్ళి కొన్ని నెలలు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో వున్నాను. ఆబింగ్డన్ వాళ్ళకి దగ్గరే. పక్కింటావిడకి డెబ్బై దాటాయి, స్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయింది. భర్త పోయి రెండేళ్ళు. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడుట. మిగిల్చినవి ఇల్లు, షెడ్డు, షెడ్డులో 1971 నాటి ఎం.జి.బి. ఒక ఆదివారం నిమ్మకాయ పులిహోర పట్టుకెళ్ళి ఇస్తే, మాటల్లో పడి షెడ్డు తలుపు తీసి చూపించింది.

హెడ్డు ఆయన చేత్తో అరగదీసిందే. రెండు చలికాలాలు పట్టిందిట. దారులు చెక్కటం ఒక ఎత్తు, లోపల మంట మండే నాలుగు గదుల్నీ సమానం చెయ్యటం ఇంకో ఎత్తు. ఒక గది చిన్నదై ఒకటి పెద్దదైతే ఇంజను సమంగా లాగదు. మరి గుంటలా వంకర టింకరగా వున్న గదిని కొలిచేదెలా? వాల్వులూ ప్లగ్గూ బిగించి, గది మీద చిల్లు పెట్టిన ప్లాస్టిక్ పలక గ్రీజుతో అతికించి, ఆ చిల్లులోంచి బ్యూరెట్టుతో రంగు కలిపిన కిరసనాయిలు చుక్కచుక్కగా వదలాలి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చదవాలి. బ్యూరెట్టు ఎవరు పట్టారో గ్రహించారు కదూ? "అరగదియ్యటం ఆయన వంతు, కొలవటం నా వంతు. ఆయన ఎప్పుడూ తొందరపడేవాడు. ఆఖరి చుక్క పడేదాకా ఆగమని నేను కేకలేసేదాన్ని" అంది ఆవిడ.

ఒక గళ్ళ పుస్తకం తీసింది. తారీఖులూ, నాలుగు గదులకీ నాలుగు వరసలూ, అంకెలూ, అన్నీ ఆవిడ దస్తూరీలోనే. ఒకచోట "మూడోది ఇంకా తక్కువ. రేపు చూద్దాం. జలుబు" అని రాసి వుంది. జలుబు ఎవరికో అడగలేదు నేను.

కారు అమ్ముదామని ఆవిడ ఒక కార్ల క్లబ్బు పెద్దమనిషిని పిలిపించిందిట. ఆయన చుట్టూ తిరిగి చూసి, "ఈ హెడ్డు తీసేసి ఎక్కడైనా మామూలు హెడ్డు వెతికి బిగించండి. ఈ ఎగ్జాస్టు గొట్టాలూ తీసెయ్యండి. అంతా ఒరిజినల్ చేస్తే మంచి ధర పలుకుతుంది. ఈ చెయ్యి పెట్టిన సరుకు మా సభ్యులు ముట్టుకోరు" అన్నాడుట. అంటూ తన టీ కప్పు ఆ గళ్ళ పుస్తకం మీద పెట్టాడుట. అట్ట మీద గుండ్రటి మరక ఇప్పటికీ వుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు చలికాలాల పాటు ఇద్దరు మనుషులు భోజనాలయ్యాక షెడ్డులో కూర్చుని, చుక్కలు లెక్కపెట్టి చేసిన పనిని "చెయ్యి పెట్టిన సరుకు" అంటాడా? చెయ్యి పెట్టకుండా ఈ లోకంలో ఏ సరుకు తయారయింది? కార్ఖానాలో ఒక పూట పోసి పారేసిన ఇనుము పవిత్రం, వీళ్ళు చేసింది మైల! పోనీ ఆ పెద్దమనిషికి తన కారు హెడ్డు విప్పటం వచ్చా అంటే, రాదుట. మెకానిక్కుకి ఇస్తాడుట. ఆ మెకానిక్కుకి అరవై అయిదేళ్ళుట, దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడుట. ఎలా వుంటాడు? ఉన్నది ఉన్నట్టు తుడిచి పెట్టటమే పరమార్థం అయితే, అరగదియ్యటం, కొలవటం ఎవడు నేర్చుకుంటాడు?

మా ఇంట్లో ఒక కుట్టు మిషను వుంది. అమ్మమ్మ కొన్నప్పుడు చేత్తో తిప్పేది. అమ్మ దానికి కాలితో తొక్కే స్టాండు చేయించింది. నేను మోటారు పెట్టించాను. పిడి వుండిన చోట ఇప్పుడు బెల్టు వుంది. ఏ న్యాయనిర్ణేత వచ్చినా సున్నా మార్కులు వేసి పోతాడు. మొన్న సంక్రాంతికి మా మేనకోడలి లంగా దాని మీదే కుట్టాను.

అవతలివాళ్ళ మాటల్లో నిజం లేదని నేను అనటం లేదు. పదో పాతికో మాత్రమే తయారై, అందులో ఒకటి రెండు మిగిలిన కార్లుంటాయి. వాటిని ముట్టుకోకండి. తాళపత్ర గ్రంథం మీద ఎవరూ చాకలి పద్దు రాయరు. కాని ఎం.జి.బి.లు అయిదు లక్షల పైచిలుకు తయారయ్యాయి. ఒక మనిషి తన కారు హెడ్డు చెక్కుకున్నంత మాత్రాన చరిత్ర కొట్టుకుపోదు. పైగా తీసిన భాగం మేడ మీద దాచుకుంటే, కావలసినప్పుడు మళ్ళీ బిగించుకోవచ్చు. 1988 నుంచి పాత అచ్చులతోనే ఎం.జి.బి. బాడీలు కూడా కొత్తగా చేసి అమ్ముతున్నారు. మొత్తం బాడీ కొత్తదైనా ఒరిజినల్ అనిపించుకోవచ్చుగాని, యజమాని చెక్కిన హెడ్డు అనిపించుకోకూడదు కాబోలు!

మార్చేవాళ్ళలో వెధవలు లేరా? బోలెడుమంది. కారు పొట్టిగా కనబడాలని స్ప్రింగులు రంపంతో కోసేవాళ్ళు, బ్రేకుల మాట మరిచి బలం మాత్రం రెట్టింపు చేసేవాళ్ళు, వీధంతా నిద్రలేచేలా సైలెన్సరు పీకేసేవాళ్ళు... వీళ్ళందరికీ స్పానరు చేతికివ్వకూడదు. మామూలు మినీకి కూపర్ ఎస్ బిళ్ళలు అతికించి ఎక్కువ ధరకి అంటగట్టేవాళ్ళని నేను ట్యూనర్లు అననే అనను, దొంగలంటాను. మార్చటం తప్పు కాదు, మార్చి దాచటం తప్పు. ఏం చేశావో, ఎప్పుడు చేశావో, ఎంత చెక్కావో రాసిపెట్టు. ఆ గళ్ళ పుస్తకంలా.

అందుకని ఆ పోటీల కాగితాల్లో ఇంకొక్క గడి గీయమంటాను. మార్చిన భాగం కనబడగానే మార్కు కొట్టెయ్యకుండా, "ఇది ఎవరు చేశారు, ఎలా చేశారు" అని అడిగి, జవాబు బాగుంటే మార్కు కలపండి. అడగాలంటే న్యాయనిర్ణేతకి కూడా కాస్త విద్య వుండాలి మరి. అదే ఇబ్బంది కాబోలు.

పక్కింటావిడ మామూలు హెడ్డు వెతకలేదు. నేను బయల్దేరే వారమే పేపర్లో ప్రకటన ఇచ్చింది. ధర ఆ పెద్దమనిషి చెప్పినదాని కంటే తక్కువే పెట్టింది. వివరాలన్నీ రాసి, కింద ఒక షరతు కూడా పెట్టింది: హెడ్డు ఇంట్లో చేసినది, కొలతల పుస్తకం కారుతోబాటు ఇస్తాము, పుస్తకం అక్కర్లేదనేవారు రానక్కర్లేదు.